అయిదెకరాల పల్లికి ఏ మిషన్ కొనాలె, అసలు కొనాల్నా? ఒక యాసంగి లెక్క మొత్తం

పల్లి పీకే టైము దగ్గరికొస్తే మా నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ప్రతి ఊర్లో ఇదే ముచ్చట నడుస్తది, డిగ్గర్ (పల్లి పీకే మిషన్) కొందామా, థ్రెషర్ (కాయ తెంపే మిషన్) కొందామా, లేకుంటే ఎప్పటిలెక్క కిరాయికే కానిద్దామా అని. నేను ఒక రైతు సంఘంలో మిషన్ల పని చూస్తా, కిరాయిలు, రిపేర్లు, కొనేటప్పుడు లెక్కలు ఇవే నా పని. ఈ ఒక్క కేసు పూర్తిగా ఎందుకు రాస్తున్న అంటే, చిన్న రైతుకు మిషన్ అంటే ముందు ధర గుర్తొస్తది, పంట ఏ రోజు తయారైతది, ఆ రోజు మిషన్ చేనుకాడ ఉంటదా అన్నది చివరికి గుర్తొస్తది. ఈ కేసులో పైసలన్నీ పోయింది, వచ్చింది ఆ రోజుల కాడనే.

రైతు పేరు, ఊరు రాస్తలేను, అన్న అనే రాస్త. సొంతం నాలుగెకరాలు, పక్కన ఒక ఎకరం కౌలు, మొత్తం అయిదెకరాలు ఎర్ర చెల్క, అక్కడక్కడ గులకరాళ్లు ఉంటయి. ఒక బోరు, స్ప్రింక్లర్లు. యాసంగిల మొత్తం పల్లే, కె-6 రకం. ట్రాక్టర్ లేదు, బావమరిదికి 42 హెచ్‌పీది ఉంది. ఇంట్లో పనికి అన్న, వదిన ఇద్దరే, కొడుకు హైదరాబాద్‌ల ఉద్యోగం.

2023-24 యాసంగిల ఏమైంది

అక్టోబర్‌ల విత్తిన్రు. కె-6 అంటే 100 నుంచి 105 రోజుల పంట, అంటే జనవరి నెలాఖరుకు పీకుడు మొదలు కావాలె. అప్పుడే చుట్టుపక్కల మిర్చి తెంపుడు, పత్తి ఆఖరి ఏరుడు, కైకిలోళ్లు దొరకలే. దొరికినోళ్లు కూడ "రేపొస్తం అన్నా" అనుకుంట వారం గడిచింది. డిగ్గర్ కిరాయికి చెప్పిన్రు, ఆయన పక్క మండలంలో ఉండె, రాలే. ఈలోపు బోరు తగ్గింది, చెల్క గట్టిపడ్డది, ఇగ చేత్తో పీకితే మొక్క వస్తది, కాయ భూమిలనే ఉంటది.

ఎందుకట్ల అంటే, పల్లికి ఊడ, అంటే పూత నుంచి భూమిలకు దిగే సన్న కాడ, దాని మీదనే కాయ వేలాడుతది. కాయ ముదిరిన కొద్దీ ఊడ బలం తగ్గుతది, రోజులు దాటితే ఊడ కుళ్లినట్టయి చిన్న గుంజుడుకే తెగుతది. పైగా కె-6 లాంటి గుత్తి రకాలకు గింజ నిద్ర ఉండది, ముదిరినంక ఒక వాన పడితే భూమిలనే మొలకలొస్తయి. ఆ ఏడు వాన పడలే అది వేరే మాట, కానీ అడవి పందులు పడ్డయి. నల్లమల అంచు ఊర్లల్ల పల్లి ముదిరిందంటే పందులకు ముందే తెలుస్తది, రాత్రి కావలి కాసినా ఒక మూల దున్నేసి పోయినయి.

పీకుడు అయినంక నేను చేను చూడవోయిన. నాలుగు పుల్లలు, ఒక తాడు తీసుకపోయి మీటరుకు మీటరు గీసి, ఆ డబ్బాల ఉన్న మట్టి జానెడు లోతు గడ్డపారతో తవ్వి, చేత్తో చిదిమి, దొరికిన ప్రతి కాయ ఒక కవర్ల వేసిన. చేనుల ఎత్తు కాడ ఒకటి, పల్లం కాడ ఒకటి, నడుమ ఒకటి, అట్ల వేరే వేరే చోట్ల తీసి ఎండబెట్టి తూకం వేస్తే సగటున మీటరుకు 36 గ్రాములు వచ్చింది. వదిన ఆ కవర్ చూసి "ఇంతేనా, పిడికెడు కూడ లేదు గద సార్" అన్నది. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. అంటే మీటరుకు ఒక గ్రాము మిగిలితే ఎకరానికి నాలుగు కిలోలు మిగిలినట్టు. 36 గ్రాములంటే దగ్గర దగ్గర ఎకరానికి 145 కిలోలు. కిలో 60 పెట్టుకున్నా 8,700 రూపాయలు ఎకరానికి భూమిలనే ఉండిపోయినయి, అయిదెకరాలకు 43,500. అన్న కొద్దిసేపు ఏం మాట్లాడలే, తర్వాత "అయితే డిగ్గర్ కొనుడే" అన్నడు. అప్పుడే కాదు, ముందు లెక్క వేద్దాం అని నేను చెప్పిన.

ఈ మీటరు లెక్క ప్రతి పల్లి రైతు ఒక్కసారి అన్న చేయాలని నా కోరిక. ఏ కంపెనీ మనిషి చెప్పే దానికంటే మీ చేను చెప్పేదే పక్కా లెక్క. 60 ఎందుకు పెట్టిన అంటే, 2024-25కు మద్దతు ధర క్వింటాలుకు 6,783, 2025-26కు 7,263, కానీ తేమ అనీ, మట్టి అనీ, తాలు అనీ చెప్పి కోసుకుంటరు గనక లెక్కల ఎప్పుడూ తక్కువ ధరనే పెట్టుకోవాలె.

ఏమేం దారులున్నయి

మొదటిది చేత్తో పీకుడు. మా దిక్కు అప్పుడు ఎకరానికి పన్నెండు మంది, మనిషికి 450 లెక్కన 5,400. పదును, అంటే నేలల తడి, బాగుంటే, మనుషులు టైముకు దొరికితే ఇది చెడ్డ పద్ధతి కాదు, మొక్క శుభ్రంగ వస్తది, కట్టె, అంటే పీకిన పల్లి మొక్క, మంచిగ ఉంటది, పశువులకు మేతకు ఇదే మేలు. ఎకరం, ఎకరంన్నర ఉండి ఇంటి మనుషులు నలుగురున్నోళ్లు మిషన్ గురించి ఆలోచించే పనే లేదు.

రెండోది బ్లేడ్. దీని గురించి ఎవరూ పెద్దగ మాట్లాడరు, నాకు మాత్రం చాలా నచ్చిన సామాను. ట్రాక్టర్ ఎనుక ఫ్రేముకు అడ్డంగ పొడుగు బ్లేడ్ బిగిస్తరు, అది కాయల కిందికెళ్లి పోయి తల్లి వేరును కోసి మట్టిని వదులు చేస్తది, అంతే, జల్లించుడు ఉండది. ఎనుక మనుషులు మొక్కలు లేపి దులిపి కుప్ప వేయాలె. ఊర్ల వెల్డింగ్ షాపుల్నే చేయించుకోవచ్చు. కిరాయి ఎకరానికి 1,000, మనుషులు ఏడుగురు, 3,150, మొత్తం 4,150. దుబ్బ నేలలైతే బ్లేడ్ చాలు అని నేను గట్టిగ చెప్త, ఎందుకంటే దుబ్బల మట్టి తనంతట తనే రాలిపోతది, దానికి లక్ష పైచిలుకు పెట్టి జల్లించే గొలుసు కొనుడు ఎందుకు.

మూడోది డిగ్గర్, అంటే బ్లేడ్‌తో పాటు ఎనుక తిరిగే రాడ్ల గొలుసు ఉంటది, అది మొక్కను పైకి ఎత్తుకపోయి దులిపి ఎనుక వరుసగ పడేస్తది. 35 హెచ్‌పీ కంటే తక్కువ ట్రాక్టర్ దీన్ని గుంజలేదు, 40 పైన ఉంటే నిమ్మళంగ ఉంటది. కిరాయి అప్పుడు మా దగ్గర ఎకరానికి 2,000, వరుసలు తిరగేసి కుప్ప వేయడానికి నలుగురు మనుషులు, 1,800, మొత్తం 3,800.

ఇగ కాయ తెంపుడు. చేత్తో తెంపించే రోజులు దాదాపు పోయినయి, ట్రాక్టర్ మీద నడిచే థ్రెషరే. ఆ ఏడు గంటకు 1,500 తీసుకున్నరు, ఎకరానికి రెండు గంటలు, 3,000, కట్టె అందిచ్చి కాయ ఎత్తడానికి ఆరుగురు, 2,700. అంటే తెంపుడు ఖర్చు 5,700 ఎట్ల పీకినా మారదు.

అన్నీ కలిపితే చేత్తో పీకితే ఎకరానికి 11,100, బ్లేడ్‌తో 9,850, కిరాయి డిగ్గర్‌తో 9,500. చేత్తో పీకుడుకు, డిగ్గర్‌కు నడుమ తేడా 1,600. అయిదెకరాలకు ఏడాదికి 8,000. ఈ 8,000 చూసుకుని లక్షా ముప్పై వేల మిషన్ కొంటమంటే నేను ఒప్పుకోను, ఏ బ్యాంకు మేనేజర్ కూడ ఒప్పుకోవద్దు. కానీ పైన చెప్పిన 43,500 ఈ లెక్కల ఎక్కడా కనపడది, ఎందుకంటే భూమిల మిగిలిన కాయకు ఎవరూ బిల్లు రాయరు.

ఒక్కడే కొంటే

కొత్త డిగ్గర్‌కు అప్పుడు చెప్పిన ధర 1,30,000. ఎనిమిదేండ్లు నడుస్తది, చివరికి 13,000కు అమ్ముడు పోతది అనుకుంటే ఏడాదికి అరుగుదల 14,625. పది శాతం మిత్తి సగటు విలువ మీద 7,150. రిపేర్లకు 6,500. మొత్తం 28,275, ఇది మిషన్ షెడ్డుల ఉన్నా, చేనుల ఉన్నా ఏడాదికి పడే ఖర్చు. నడిపిస్తే ఎకరానికి అయిదు లీటర్ల డీజిల్ 480, డ్రైవర్‌కు 200, బ్లేడ్ అరుగుదల 70, ట్రాక్టర్ ఇచ్చినాయనకు 350, మొత్తం 1,100. కిరాయి 2,000 గనక సొంత మిషన్ వల్ల ఎకరానికి మిగిలేది 900. 28,275ను 900తో భాగిస్తే 31 ఎకరాలు దాటుతది, ఏడాదికి అంత నడిస్తేనే గిట్టుబాటు. అన్నకు ఉన్నది అయిదు.

అన్నకు ఒక ఫైనాన్సాయన కూడ ముందుకొచ్చిండు, నెలకు రెండు రూపాయల మిత్తి. వినడానికి రెండు రూపాయలే, ఏడాదికి 24 శాతం, 1,30,000 మీద 31,200 ఒక్క మిత్తే. అయిదెకరాలకు డిగ్గర్ కిరాయి మొత్తం 10,000. పది వేల కిరాయి తప్పించుకోవడానికి ముప్పై ఒక్క వేల మిత్తి కట్టే లెక్క ఇది. చిన్న రైతులు మిషన్ల కాడ మునిగేది ఇక్కడనే, అందుకే ఈ ముక్క నేను ప్రతి మీటింగుల చెప్త.

సబ్సిడీ సంగతి. వ్యవసాయ మిషన్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్రం స్మామ్ పథకం 2014-15 నుంచి ఉంది, చిన్న సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం దాకా, మిగతోళ్లకు 40 దాకా, మిషన్‌ను బట్టి ఒక గరిష్ట పరిమితి ఉంటది. చిన్న రైతు అంటే రెండు హెక్టార్ల లోపు, అన్న అందుల వస్తడు. సగం ధరకు వస్తే ఏడాది ఖర్చు 28,275 నుంచి 16,900కు దిగుతది, గిట్టుబాటు 31 నుంచి 19 ఎకరాలకు తగ్గుతది. అప్పుడు కూడ ఒక్కడికి ఎక్కువే. ఇంకోటి, మన పేరు ఏ ఏడు వస్తదో, పంట టైముకు వస్తదో రాదో మన చేతిల ఉండది. రైతు వేదికల ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పేరు రాయించండి, కాగితాలు రెడీగ పెట్టుకోండి, కానీ వస్తదనుకుని లెక్క వేయొద్దు, వచ్చినంక వేసుకోండి.

థ్రెషర్ అయితే ఇంకా దూరం. 3,20,000 అన్నరు. అదే పద్ధతిల అరుగుదల 36,000, మిత్తి 17,600, రిపేర్లు 16,000, ఏడాదికి 69,600. కిరాయి గంటకు 1,500ల డీజిల్, ఆపరేటర్, ట్రాక్టర్ తీసేస్తే 620 మిగులుతది, అంటే 112 గంటలు నడవాలె, 56 ఎకరాలు. ఇది వ్యాపారం చేసేటోళ్ల సామాను. పైగా థ్రెషర్ రెండు రోజులు ఆలస్యమైనా మునిగేదేం లేదు, పీకిన కట్టె కుప్పల ఉంటది, టార్పాలిన్ కప్పితే ఆగుతది. భూమిల ఉన్న కాయ ఆగదు. అందుకే రెండిట్ల ఏది మన చేతిల ఉండాలె అంటే పీకే మిషనే.

నాలుగిండ్లు కలిసి

అన్న వాడకట్టుల ఇంకో ముగ్గురు పల్లి రైతులున్నరు, బావమరిదితో కలిపి. మొత్తం 21 ఎకరాలు. కొత్తది కాకుండ పాతది చూద్దామని తిరిగితే వనపర్తి దిక్కు ఒకటి దొరికింది, 60,000. మూడు సీజన్లు నడిచిందన్నరు.

పాత డిగ్గర్ చూడవోతే పెయింట్ చూడొద్దు. ట్రాక్టర్‌కు తగిలించి గాల్లోకి లేపి, పీటీఓ (ట్రాక్టర్ ఎనుక మిషన్‌ను తిప్పే షాఫ్ట్) నిమిషానికి 540 చుట్ల మీద పెట్టి కొద్దిసేపు తిప్పించండి. గొలుసు ఒక్క తీరుగ పోవాలె, ఒక పక్కకు గుంజుతుంటే లోపల షాఫ్ట్ వంగినట్టు లేకుంటే ఒక దిక్కు బేరింగ్ పోయినట్టు. ఆపినంక బేరింగ్ ఇండ్ల మీద చెయ్యి పెట్టండి, ఒకటి మిగతావాటికంటే వేడిగ ఉంటే అది మార్చాల్సిందే. గేర్‌బాక్స్ కింద నూనె మరక, ఫ్రేములో వెల్డింగ్ మీద వెల్డింగ్, గొలుసు రాడ్లు నడుమ సన్నబడ్డయా, పీటీఓ షాఫ్ట్ జాయింట్ చేత్తో ఊపితే ఎంత ఆడుతుంది, ఇవి చూడాలె. మేము చూసినదాంట్ల బ్లేడ్ అంచు మొద్దుబారి చేతి బొటనవేలంత మందం అయింది, రెండు బేరింగులు మోగుతున్నయి, గొలుసుకు నాలుగు రాడ్లు వంగినయి. ఫ్రేము, గేర్‌బాక్స్ మాత్రం గట్టిగ ఉండె. బ్లేడ్, బేరింగులు, రాడ్లు, ఒక జాయింట్ అన్నీ కలిపి 12,000 అయింది. మొత్తం 72,000, ఇంటికి 18,000.

ఈ 18,000 ఎట్ల తెచ్చిన్రు అనేది కూడ చెప్పాలె. ఇద్దరు వానాకాలం పత్తి పైసలల్ల నుంచి తీసిన్రు, ఒకాయన ఇంట్లో ఆమె మహిళా సంఘంల లోన్ తీసుకున్నది, అన్న మాత్రం విత్తనానికి దాచిన పైసలు ముడదామన్నడు, అది నేను పడనీయలే. ఎకరానికి అరవై కిలోల పైన గింజ కావాలె, దాంట్ల కోత పెడితే మొక్కలు పలచబడతయి, అప్పుడు ఎంత మంచి డిగ్గర్ ఉన్నా తవ్వేదేముంటది. కొడుకు పదివేలు పంపిండు, మిగతాది ఒక మేకపోతు అమ్మితే సరిపోయింది.

లెక్క మళ్లీ వేసినం. అయిదేండ్లు నడుస్తది, చివరికి 12,000 వస్తది, అరుగుదల 12,000, పన్నెండు శాతం మిత్తి 5,040, రిపేర్లు 7,000, ఏడాదికి 24,040. గిట్టుబాటు దాదాపు 27 ఎకరాలు. సొంతం 21 ఉంది, ఇంకో ఆరెకరాలు బయట కిరాయికి నడిస్తే చాలు.

ఒప్పందం కాగితం మీద రాయించిన, నోటి మాట మీద ఉమ్మడి మిషన్లు రెండో సీజన్ దాకా ఉండవు. ముఖ్యమైన షరతు ఒకటే, మిషన్ ముందు ఎవరి చేనుకు పోవాలె అన్నది వాటా చూసి, వయసు చూసి కాదు, కాయ చూసి. చేనుల అయిదారు చోట్ల మొక్కలు పీకి కాయలన్నీ తెంపి పగలగొట్టి పొట్టు లోపల చూడాలె, లేత కాయకు లోపల తెల్లగ దూదిలెక్క ఉంటది, ముదిరినదానికి గోధుమ, నలుపు మచ్చలు పడతయి. వందకు 75 నుంచి 80 ముదిరితే ఆ చేను ముందు. ఎవరి చేను వాళ్లు చూసుకోవద్దు, పక్కింటాయన వచ్చి చూడాలె. బావమరిది ట్రాక్టర్‌కు ఎకరానికి 350, డ్రైవర్, డీజిల్ వేరే. సొంత వాళ్లు కూడ ఎకరానికి 700 మిషన్ డబ్బాల వేయాలె, అది రిపేర్లకు, తర్వాత కొత్తదానికి. మొదట్ల "మన మిషన్‌కు మనమే కిరాయి కడతమా" అని గొణిగిన్రు, రాసిన కాగితం చూపిస్తే ఒప్పుకున్నరు.

విత్తే కాడనే పీకుడు పని మొదలైతది

2024 అక్టోబర్‌ల విత్తేటప్పుడే కొన్ని మార్పులు చేసినం. డిగ్గర్ వెడల్పు 1.2 మీటర్లు, సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు పెడితే ఒక పోతకు నాలుగు సాళ్లు సరిగ్గ పడతయి, ట్రాక్టర్ టైరు సాలు నడుమ నడుస్తది. ముందు ఏండ్లల్ల ఇరుకుగ విత్తేది, దానికి డిగ్గర్ పెడితే టైరు కిందనే ఒక సాలు నలిగిపోతది. మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఉంచినం. చేను చివర్ల ట్రాక్టర్ మలగడానికి నాలుగైదు మీటర్ల జాగల పల్లి పెట్టకుండ పశువులకు జొన్న చల్లిన్రు. గులకరాళ్లు, పిడికిలి కంటే పెద్దవి, దుక్కి కాడనే ఏరి గట్టు మీద పోసిన్రు, ఇది చాలా కష్టమైన పని, వదిన, ఆమె అక్క ఇద్దరే ఎక్కువ చేసిన్రు, బ్లేడ్ ఒక్కసారి కూడ వంగకుండ సీజన్ నడిచిందంటే వాళ్ల చేతుల పుణ్యమే.

ఫిబ్రవరి మొదట్ల కాయ చూస్తే అన్న చేను, ఇంకొకాయన చేను ఒక్కసారే తయారైనయి. మూడు రోజుల ముందు స్ప్రింక్లర్ పెట్టి తేలిక తడి ఇచ్చినం, తర్వాత పైపులన్నీ తీసి గట్టు మీదికి తెచ్చినం. ఇది చిన్న విషయం అనిపిస్తది గానీ గడ్డిల దాగిన ఒక్క పైపు గొలుసుల పడితే రోజు మొత్తం పోతది. పదును ఎట్ల చూడాలె అంటే, కాయ లోతు కాడ మట్టి తీసి పిడికిల్ల ఒత్తండి, ముద్ద కావాలె, వేలితో పొడిస్తే పొడిపొడి కావాలె. ముద్ద అట్లనే ఉంటే తడి ఎక్కువ, గొలుసుకు మట్టి అంటుకుంటది. ముద్దే కాకుంటే పొడి, గడ్డలు లేస్తయి.

బ్లేడ్ లోతు 12 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య పెట్టినం. డ్రైవర్ మొదలు పైపైన పెట్టిండు, డీజిల్ తక్కువ తాగుతదని. ట్రాక్టర్ ఎనుక నడుసుకుంట చూస్తే రెండు ముక్కలైన కాయలు కనపడ్డయి, పచ్చి తెల్ల గింజలు మట్టిల మెరుస్తున్నయి. ఆపి ఒక రంధ్రం కిందికి దించినం, కోత కాయలు ఆగిపోయినయి. స్పీడు గంటకు మూడు కిలోమీటర్లు, మనిషి నిమ్మళంగ నడిచినంత. రెండు చేన్లు కలిపి పదెకరాలు రెండు రోజుల్ల అయిపోయినయి.

మళ్ల అదే మీటరు తాడు. డిగ్గర్ పోయిన జాగల సగటున 16 గ్రాములు మిగిలింది. కావాలనే ఒక పది గుంటలు చేత్తో పీకించినం, అదే రోజు, అదే పదునుల. అక్కడ 22 గ్రాములు. ఈ మూడు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూడండి, ముందటేడు ఆలస్యంగ, గట్టి నేలల చేత్తో 36, ఈ ఏడు టైముకు, పదునుల చేత్తో 22, డిగ్గర్‌తో 16. ముందటేడు కంటే మొత్తం 20 గ్రాములు ఎక్కువ దక్కితే అందుల 14 గ్రాములు టైముకు, పదునుకు పీకడం వల్ల వచ్చినయి, మిషన్ దులుపుడు వల్ల వచ్చింది ఆరే. ఏడు మారింది గనక తేడా మొత్తం దీనివల్లనే అని నేను అనను, కానీ నా అనుభవంల ఇది ఎప్పుడూ ఇదే దిక్కు చూపిస్తది. డిగ్గర్ కొన్నది కాయ దులపడానికి కాదు, పన్నెండు మంది కైకిలోళ్ల కోసం ఎదురుచూడకుండ ఉండడానికి.

20 గ్రాములంటే ఎకరానికి 80 కిలోలు, 4,800 రూపాయలు, అన్న అయిదెకరాలకు 24,000. నాలుగిండ్ల మిషన్‌కు ఏడాది మొత్తం పడే ఖర్చు 24,040. అంటే అన్న ఒక్కని చేనుల భూమిల పోకుండ దక్కిన కాయే దాదాపు దాన్ని కట్టేసింది.

పీకినంక వరుసలు రెండు రోజులు ఎండినయి, నడుమ ఒకసారి ఆడవాళ్లు తిరగేసిన్రు, మా డిగ్గర్ కాయను పూర్తిగ పైకి తిప్పది, సగం కాయలు కిందనే ఉంటయి, తిరగేయకుంటే ఆ కాయకు బూజు పడతది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, దాంతోనే అఫ్లాటాక్సిన్ విషం తయారైతది, పల్లి బయటి దేశాలకు పోవాలంటే మొదలు చూసేది అదే, యూరప్ వాళ్లు మనుషులు నేరుగ తినే పల్లికి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటనియ్యరు. కాయ పగిలితే ఆ బూజుకు దారి దొరికినట్టే. అందుకే కిరాయి థ్రెషర్ వచ్చినప్పుడు మొదటి బస్తాల నుంచి వంద కాయలు తీసి లెక్కపెట్టినం, పదకొండు పగిలినయి. ఆపరేటర్ "గింతే ఉంటది సార్, అందరిది గిట్లనే" అన్నడు. డ్రమ్ము స్పీడు తగ్గించమని, కట్టె కొంచెం కొంచెం ఇయ్యమని పట్టుబట్టి మళ్ల లెక్కపెడితే నాలుగు. గంటకు పని తగ్గుతది గనక వాళ్లకు ఇష్టం ఉండది, గంటకు 1,500 ఇచ్చేది మనమే, అడగొచ్చు. తర్వాత టార్పాలిన్ల మీద పలచగ పోసి తేమ 8, 9 శాతం వచ్చేదాక ఎండబెట్టిన్రు, విత్తనానికి ఉంచుకున్న కాయ మాత్రం నీడపట్టున.

సీజన్ మొత్తం మిషన్ 34 ఎకరాలు నడిచింది, సొంతం 21, బయటిది 13. ఏడాది ఖర్చు 24,040ను 34తో పంచితే 707, నడిపిన ఖర్చు 1,100 కలిపితే ఎకరానికి 1,807. కిరాయి 2,000 కంటే 193 తక్కువ, అంతే. బయటి 13 ఎకరాలు లేకుంటే 2,245 అయ్యేది, కిరాయి కంటే ఎక్కువ. నలుగురిల ఒకాయనది సగం దుబ్బ, ఆయన వచ్చే ఏడు ఆ ముక్కకు బ్లేడే పెట్టుకుంట అంటున్నడు, నేనూ సరే అన్న, ఆ మేరకు బయట ఎకరాలు పెంచుకోవాలె.

ఇప్పుడు చదివేటోళ్లు కొత్తది కొనాలనుకుంటే ఒక మార్పు ఉంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 1,30,000 చెప్పిన మిషన్ దాదాపు 1,22,000కు రావాలె. కొటేషన్ల పన్ను ముందు ధర, పన్ను వేరే వేరే రాయించుకోండి, పాత ధర అట్లనే ఉంచి పన్ను తగ్గింది అని చెప్తే అక్కడనే కనపడుతది. అయినా గిట్టుబాటు 31 నుంచి రెండెకరాలు కూడ తగ్గది.

అన్న ఇప్పుడు థ్రెషర్ గురించి అడుగుతున్నడు, కాయ పగలకుండ మనమే కొట్టుకుంటం గద సార్ అని. నాలుగిండ్లు, బయటోళ్లు కలిసి 34 ఎకరాలైనయి, దానికి కావాల్సింది 56. పక్క ఊరు పల్లి రైతులు ఏడుగురు కలుస్తమంటున్నరు, వాళ్ల ఎకరాలెన్ని, కాయ ఏ వారం తయారైతది అని రాసి పెట్టుకుంటున్న, అందరిదీ ఒకటే వారంల వస్తే 56 ఎకరాలున్నా ఒక్క థ్రెషర్ అందరికీ అందది.